ఆర్గానిక్ కెమిస్ట్రీ పేపర్‌ని ఏ జర్నల్‌కి పంపాలి? ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని దాటి చూసే పద్ధతి

పేపర్ రాయడం ఒక కొలిక్కి వచ్చాక ఏ ఆర్గానిక్ ల్యాబ్‌లోనైనా మొదలయ్యే చర్చ ఇది: ఆర్గానిక్ లెటర్స్‌కి పంపుదామా, జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీకి పంపుదామా, లేక టెట్రాహెడ్రన్ లెటర్స్ చాలా? ఆ చర్చ చాలాసార్లు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ దగ్గర, అంటే జర్నల్‌లోని పేపర్లను ఇతర పేపర్లు సగటున ఎన్నిసార్లు సైట్ చేశాయో (రిఫరెన్స్‌గా ఇచ్చాయో) చెప్పే అంకె దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఒకదానిది 5 చుట్టుపక్కల, ఇంకోదానిది 3కీ 4కీ మధ్య, మరోదానిది 2 దగ్గర. పెద్ద అంకె ఉన్నచోట ముందు ప్రయత్నిద్దాం, కాదంటే ఒక్కో మెట్టూ కిందికి దిగుదాం అనుకుంటారు. ఇలా నెలలకు నెలలు గడిచిపోతాయి. చివరికి పేపర్ ఎక్కడో ఒకచోట వస్తుంది కానీ, దాని అవసరం ఉన్న పాఠకుడి కంట పడే చోట రాకపోవచ్చు.

ఈ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కొలిచేది వేగాన్ని. ఒక జర్నల్‌లో వచ్చే అంశాలను ఇతరులు ఎంత త్వరగా సైట్ చేస్తున్నారో అది చెబుతుంది. మీ పేపర్ ఎంతకాలం పనికొస్తుందో, ఎవరికి పనికొస్తుందో చెప్పలేదు. జర్నల్ ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఈ రెండోదే.

అంకె వెనకున్న లెక్క

ఈ కొలత యూజీన్ గార్‌ఫీల్డ్ ఆలోచనల నుంచి వచ్చింది. సైటేషన్ ఇండెక్స్ ఎలా ఉండాలో ఆయన 1955లో సైన్స్ పత్రికలో రాశారు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వచ్చింది. అందులో ఏ జర్నళ్లను చేర్చాలో తేల్చుకోవడానికి పుట్టిన సాధనం ఇది. మనుషుల ఉద్యోగాలు, ప్రమోషన్లు తేల్చడానికి పుట్టింది కాదు.

లెక్క చాలా చిన్నది. ఒక జర్నల్ 2022, 2023 రెండేళ్లలో కలిపి 1,000 పేపర్లు వేసిందనుకుందాం. 2024లో వచ్చిన పేపర్లు ఆ వెయ్యింటినీ మొత్తం 3,400 సార్లు సైట్ చేశాయనుకుందాం. అప్పుడు ఆ జర్నల్ 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 3.4. అదే జర్నల్‌లో 2021లో వచ్చిన పేపర్‌కి 2024లో వంద సైటేషన్లు వచ్చినా ఈ లెక్కలోకి రావు.

పైగా ఇది సగటు. సైటేషన్లు అందరికీ సమానంగా పడవు, కొద్ది పేపర్లే ఎక్కువ భాగం లాగేసుకుంటాయి. వేర్వేరు ప్రచురణ సంస్థలకు చెందిన 11 జర్నళ్లలో సైటేషన్లు ఎలా పంపిణీ అయ్యాయో 2016లో ఒక బృందం విడదీసి చూపించింది. వాటిలో 65 నుంచి 75 శాతం పేపర్లకు తమ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కంటే తక్కువ సైటేషన్లే వచ్చాయి. అంటే 3.4 ఉన్న జర్నల్‌లో పడినంత మాత్రాన మీ పేపర్‌కి మూడున్నర సైటేషన్లు రావు. ఒకటో రెండో రావచ్చు, ముప్ఫై కూడా రావచ్చు.

సగటు ఎంత మోసం చేయగలదో చూడాలంటే ఆక్టా క్రిస్టలోగ్రాఫికా సెక్షన్ ఎ కథ చాలు. ఎక్స్-రే డేటా నుంచి నిర్మాణం తేల్చడానికి అందరూ వాడే షెల్‌ఎక్స్ ప్రోగ్రామ్‌ల చరిత్ర మీద జార్జ్ షెల్‌డ్రిక్ 2008లో అందులో ఒక వ్యాసం రాశారు. ప్రోగ్రామ్ వాడినవాళ్లు ఇకపై దీన్నే సైట్ చేయవచ్చని అందులోనే చెప్పారు. క్రిస్టల్ స్ట్రక్చర్ తీసిన ప్రతి ల్యాబూ అలాగే చేసింది. అప్పటిదాకా 2 దగ్గర ఉన్న ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2009కి 49.9కి ఎగబాకింది. ఆ వ్యాసం రెండేళ్ల కిటికీ దాటగానే మళ్లీ 2 దగ్గరికి వచ్చేసింది. మధ్యలో ఆ జర్నల్‌లో వచ్చిన మిగతా పేపర్లు బాగుపడిందీ లేదు, చెడిపోయిందీ లేదు.

మన రంగంలో పేపర్ ఆయుష్షు ఎక్కువ

ఆర్గానిక్ ల్యాబ్‌లలో గోడ మీదో ఫ్యూమ్ హుడ్ పక్కనో అతికించి ఉండే పట్టిక ఒకటుంది. క్లోరోఫార్మ్-డీ అనే సాల్వెంట్‌లో ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణం తేల్చే పరీక్ష) స్పెక్ట్రమ్ తీశాక 2.05 దగ్గర ఒక సింగ్లెట్, 4.12 దగ్గర క్వార్టెట్, 1.26 దగ్గర ట్రిప్లెట్ కనిపిస్తే అది మీ కాంపౌండ్‌ది కాదు, కాంపౌండ్‌ని శుద్ధి చేసిన కాలమ్ నుంచి మిగిలిపోయిన ఇథైల్ ఎసిటేట్ అనే సాల్వెంట్‌ది. 1.56 దగ్గరున్న పీక్ నీటిది. ఈ విలువలన్నీ ఒకచోట పెట్టిన గాట్‌లీబ్ బృందం పేపర్ 1997లో జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీలో వచ్చింది. ఆ కాలమ్ నడిపే పద్ధతి, అంటే ఫ్లాష్ క్రొమటోగ్రఫీని క్లార్క్ స్టిల్ బృందం 1978లో అదే జర్నల్‌లో రాసింది. ఈ రెండింటినీ ఇప్పటికీ సైట్ చేస్తూనే ఉన్నారు. ఇప్పుడు వాటికి వచ్చే సైటేషన్లలో ఒక్కటి కూడా ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కి చేరదు.

పేరున్న రియాక్షన్ల పుట్టుక చూసినా అంతే. సోనోగషిరా కప్లింగ్ 1975లో టెట్రాహెడ్రన్ లెటర్స్‌లో వచ్చింది. సుజుకి, మియౌరా కప్లింగ్ తొలి పేపర్లలో ఒకటి 1979లో వచ్చిందీ అందులోనే. వైన్‌రెబ్ అమైడ్ 1981లో అక్కడే. హెక్ 1972లో తన రియాక్షన్‌ని రాసింది జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీలో. డెస్-మార్టిన్ ఆక్సిడేషన్ 1983లో వచ్చిందీ అక్కడే. మోర్టెన్ మెల్డాల్‌కి 2022లో నోబెల్ తెచ్చిన రాగి ఉత్ప్రేరక అజైడ్–ఆల్కైన్ పేపర్ కూడా 2002లో అదే జర్నల్‌లో వచ్చింది. మిట్సునోబు తన రియాక్షన్ మీద రాసిన సమీక్షా వ్యాసం 1981లో సింథసిస్‌లో వచ్చింది. ఈ రోజు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జాబితా పట్టుకుని చూసేవారికి ఇవన్నీ మధ్యలోనో అడుగునో కనిపించే పేర్లు.

అందుకే ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు ఇచ్చే జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్ తెరిచినప్పుడు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పక్కనే ఉండే సైటెడ్ హాఫ్-లైఫ్ కూడా చూడండి. ఒక ఏడాదిలో జర్నల్‌కి వచ్చిన మొత్తం సైటేషన్లలో సగం ఎంత పాత పేపర్లకు వచ్చాయో అది చెబుతుంది. జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీ, టెట్రాహెడ్రన్ లెటర్స్ వంటి పాత జర్నళ్లకు ఇది పదేళ్ల స్థాయిలో ఉంటుంది. అక్కడి పనిని జనం పదేళ్ల తర్వాత కూడా వెతుక్కుని వాడుతున్నారన్నమాట.

మిగతా కొలతల గురించి రెండు జాగ్రత్తలు చాలు. సైట్‌స్కోర్ అనే ఇంకో సగటు కొలత నాలుగేళ్ల కిటికీతో లెక్క వేస్తుంది, డేటాబేస్ కూడా వేరు. కాబట్టి ఒక జర్నల్ సైట్‌స్కోర్‌ని ఇంకో జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో పోల్చకూడదు. ఇక ఒక విభాగంలోని జర్నళ్లను ర్యాంకు ప్రకారం నాలుగు భాగాలు చేస్తే వచ్చే క్యూ1, క్యూ2 అనే పావు భాగాలు. ఇవి జర్నల్‌ని ఏ విభాగంలో పెట్టారన్న దాన్ని బట్టి మారతాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీ విభాగంలో కార్బోహైడ్రేట్ పాలిమర్స్ లాంటి జర్నల్ కూడా ఉంది, దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 10 దాటుతుంది. సింథసిస్ చేసే మనిషి తన పేపర్‌ని అక్కడికి పంపడు. అయినా ఆ విభాగం ర్యాంకుల్లో అది మీ జర్నల్ కంటే పైన కూర్చుంటుంది.

ట్రెండ్ ఉన్నచోట వేగం ఉంటుంది

2000లో బెంజమిన్ లిస్ట్ ప్రోలీన్‌తో, డేవిడ్ మెక్‌మిలన్ ఇమిడజోలిడినోన్‌తో ఆర్గానోక్యాటలిసిస్‌కి, అంటే చిన్న ఆర్గానిక్ అణువులనే ఉత్ప్రేరకాలుగా వాడే పద్ధతికి తలుపు తీశారు. 2021లో వాళ్లకి నోబెల్ వచ్చింది. 2008 తర్వాత కాంతితో రియాక్షన్లు నడిపే ఫోటోరెడాక్స్ ఊపందుకుంది. ఆ వెనకే విద్యుత్తుతో చేసే ఎలక్ట్రోసింథసిస్ మళ్లీ ముందుకొచ్చింది. సీ–హెచ్ ఫంక్షనలైజేషన్, మందు అణువుల్ని చివరి దశలో మార్చే పద్ధతులు, ఈమధ్య వలయాల్లోంచి ఒక్కో పరమాణువుని తీసి ఇంకోటి పెట్టే స్కెలిటల్ ఎడిటింగ్, ఇలా ఒక్కో కాలానికి ఒక్కో అల.

అల మీద ఉన్న అంశానికి సైటేషన్లు త్వరగా రావడానికి కారణం ఉంది. అదే పని చాలా ల్యాబ్‌లు ఒకేసారి చేస్తుంటాయి కాబట్టి అందరూ అందరినీ సైట్ చేస్తారు. ఆ పేపర్లలో ఏదైనా ఒకటి తెరిచి ఇంట్రడక్షన్ చూడండి. ఈ రంగం మీద ఇటీవల ఆసక్తి పెరిగిందని మొదటి వాక్యం, దాని చివర రిఫరెన్స్ 1ఎ నుంచి 1కె దాకా ఒక వరస. ఆ వరసలో చోటు దొరికిన పేపర్‌కి ఒక సైటేషన్ పడుతుంది, కానీ దాన్ని ఎవరైనా ల్యాబ్‌లో వాడారని చెప్పలేం. ఇంకో రకం సైటేషన్ ఎక్స్‌పెరిమెంటల్ భాగంలో ఉంటుంది. ఫలానా కాంపౌండ్‌ని ఫలానా పేపర్‌లోని పద్ధతి ప్రకారం తయారు చేశామని రాసి నంబర్ వేస్తారు. అక్కడ ఎవరో మీ పద్ధతిని నిజంగా ఫ్లాస్క్‌లో చేసి చూశారు. నా దృష్టిలో రెండో రకం ఒక్కటి వస్తే మొదటి రకం పది వచ్చినట్టే. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కి మాత్రం రెండూ ఒకటే.

దీన్నే ఎంపికకు వాడుకోవచ్చు. మీరు ఆలోచిస్తున్న ప్రతి జర్నల్‌లోనూ మీ పనికి దగ్గరగా ఉన్న, అయిదారేళ్ల కిందటి పేపర్లు రెండు మూడు తీయండి. వాటిని సైట్ చేసిన వాటిలో కొన్ని తెరిచి, ఎవరు సైట్ చేశారు, ఇంట్రడక్షన్‌లోనా ఎక్స్‌పెరిమెంటల్‌లోనా అని చూడండి. మెడిసినల్ కెమిస్ట్రీ వాళ్లు సైట్ చేశారా, ప్రాసెస్ కెమిస్ట్రీ వాళ్లా, లేక అదే పద్ధతిలో పోటీ పడుతున్న ల్యాబ్‌లు మాత్రమేనా? ఒక మధ్యాహ్నం పని ఇది. జర్నల్ పాఠకులు ఎవరో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కంటే ఇది ఎన్నో రెట్లు స్పష్టంగా చెబుతుంది.

ఏ జర్నల్ ఏ పనికి

ముందుగా అందరూ తడబడే జంట. జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీ (జేఓసీ) 1936లో మొదలైంది, ఆర్గానిక్ లెటర్స్ 1999లో. రెండూ అమెరికన్ కెమికల్ సొసైటీవే. ఆర్గానిక్ లెటర్స్‌లో పేపర్ చిన్నది, కొత్తదనం ఒక్క దెబ్బలో కనబడాలి, ప్రయోగ వివరాలు సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్ అనే అనుబంధ ఫైల్‌లోకి వెళ్తాయి. జేఓసీ పూర్తి వ్యాసాల జర్నల్. ఎక్స్‌పెరిమెంటల్ సెక్షన్ ప్రధాన వ్యాసంలోనే ఉంటుంది, చెప్పాల్సింది ఎంత ఉన్నా చోటు దొరుకుతుంది. ఈ రెండింటి మధ్య ఎంపికని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ మీద తేల్చడం నాకు అస్సలు నచ్చదు. మీ స్కీమ్ 1 (పేపర్‌లోని మొదటి రియాక్షన్ బొమ్మ) చూడగానే ఆర్గానిక్ కెమిస్ట్‌కి విషయం అర్థమై, ఇది ఇంతకుముందు కుదరలేదే అనిపిస్తే లెటర్స్. మెకానిజం తేల్చడానికి ఐసోటోప్ లేబులింగ్, కైనెటిక్స్, కంప్యుటేషన్ అన్నీ చేసి ఉంటే దాన్ని నాలుగు పేజీల్లోకి కుక్కకండి. కుక్కితే మీ కష్టంలో సగం సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్‌లో పడి ఎవరికీ కనిపించకుండా పోతుంది. అలాంటి పని జేఓసీలో ఉంటేనే దాని విలువ తెలుస్తుంది.

రెండిట్లోనూ డేటా విషయంలో కచ్చితంగా ఉంటారు. ఆర్గానిక్ లెటర్స్ 2013లోనే డేటా నిజాయితీ మీద సంపాదకీయం రాసి, సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్‌లోని స్పెక్ట్రాలను ప్రత్యేకంగా పరీక్షించడం మొదలుపెట్టింది. సాల్వెంట్ పీక్‌ని చెరిపేసి స్పెక్ట్రమ్‌ని అందంగా చూపించే అలవాటు ఎవరికైనా ఉంటే అక్కడే దొరుకుతారు. పీక్‌ని అలాగే ఉంచి, అది ఇథైల్ ఎసిటేట్ అని పక్కన రాయడంలో ఏ తప్పూ లేదు.

టెట్రాహెడ్రన్ 1957లో, టెట్రాహెడ్రన్ లెటర్స్ 1959లో మొదలయ్యాయి. రాబర్ట్ రాబిన్సన్, రాబర్ట్ వుడ్‌వర్డ్ లాంటి వాళ్లు దగ్గరుండి నిలబెట్టిన పేర్లు. ఆర్గానిక్ లెటర్స్ వచ్చాక చిన్న కమ్యూనికేషన్లలో చాలా భాగం అటు మళ్లింది. చైరల్ (కుడి, ఎడమ చేతుల్లా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంగా ఉండే) అణువుల పనికి ప్రత్యేకంగా ఉన్న టెట్రాహెడ్రన్: అసిమ్మెట్రీ 2017తో ఆగిపోయింది. అసిమ్మెట్రిక్ సింథసిస్ తగ్గిపోయి కాదు, అది ఆర్గానిక్ కెమిస్ట్రీ అంతటా పాకి ప్రత్యేక పత్రిక అవసరం తగ్గి అలా జరిగిందని నేను అనుకుంటాను. ఇప్పుడు టెట్రాహెడ్రన్ లెటర్స్‌కి పంపడం తక్కువతనం ఏమీ కాదు. ఒక ప్రొటెక్టింగ్ గ్రూప్‌ని తేలిగ్గా తీసే పద్ధతి, ఒక మెరుగైన వర్క్-అప్, ఇలాంటి పనికి వచ్చే చిన్న విషయాలకు అది ఇప్పటికీ మంచి చోటు.

థీమె సంస్థ జర్నళ్లను చాలామంది మర్చిపోతారు, నాకు అది బాధగా ఉంటుంది. 1969లో మొదలైన సింథసిస్‌లో ప్రయోగ పద్ధతికే పెద్దపీట. గ్రాముల్లో, పదుల గ్రాముల్లో ఒక మెటీరియల్ తయారు చేసే నమ్మకమైన దారి మీ దగ్గరుంటే దాన్ని వెతుక్కుంటూ వచ్చే పాఠకులు అక్కడున్నారు. 1989లో వచ్చిన సిన్‌లెట్ చిన్న పేపర్లకు. బెంజమిన్ లిస్ట్ ఎడిటర్‌గా ఉన్నప్పుడే, ఇద్దరు ముగ్గురు రివ్యూయర్ల బదులు చాలామంది ఒకేసారి ఆన్‌లైన్‌లో చదివి కొద్ది రోజుల్లోనే వ్యాఖ్యలు రాసే పద్ధతిని అది పరీక్షించింది. రివ్యూ కోసం నెలల తరబడి టెన్షన్ పడేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ వారి ఆర్గానిక్ అండ్ బయోమాలిక్యులర్ కెమిస్ట్రీ 2003లో ఆ సంస్థ పాత జర్నల్ పర్కిన్ ట్రాన్సాక్షన్స్ స్థానంలో వచ్చింది. పెప్టైడ్లు, న్యూక్లియోసైడ్లు, ఎంజైమ్‌లతో చేసే రియాక్షన్లు, ప్రోబ్ అణువులు, ఇలా బయాలజీ వైపు మొగ్గిన ఆర్గానిక్ పనికి ఇది సహజమైన ఇల్లు. యూరోపియన్ జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీ 1998లో లీబిగ్స్ అనాలెన్ లాంటి పాత జాతీయ పత్రికలు కలిసిపోయి ఏర్పడింది. అన్ని రకాల ఆర్గానిక్ పనినీ తీసుకుంటుంది. 2014లో వచ్చిన ఆర్గానిక్ కెమిస్ట్రీ ఫ్రాంటియర్స్‌లో కొత్త మెథడాలజీ పేపర్లు ఎక్కువ, కొత్తదనం మీద పట్టింపు కూడా ఎక్కువే.

ఆర్గానిక్ సింథసెస్ సంగతి వేరు. 1921 నుంచి వస్తోంది. మీరు పంపిన పద్ధతిని ఎడిటోరియల్ బోర్డు సభ్యుల్లో ఒకరి ల్యాబ్‌లో మళ్లీ చేసి, మీరు చెప్పిన యీల్డ్ వస్తేనే వేస్తారు. కొత్త రియాక్షన్ ప్రకటించడానికి కాదు అది. కానీ మీ ల్యాబ్‌లో పుట్టిన రీజెంట్‌ని ఊరూపేరూ తెలియని ల్యాబ్‌లు కూడా ధైర్యంగా చేసుకోవాలంటే, అసలు పేపర్ వచ్చాక అక్కడ కూడా ప్రయత్నించండి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి ఎవరూ అక్కడికి వెళ్లరు, అయినా బెంచ్ దగ్గర నిలబడి పని చేసేవారికి అంత నమ్మకమైన పేజీలు ఇంకెక్కడా లేవు.

ఫీజు, ఓపెన్ యాక్సెస్

పైన చెప్పిన జర్నళ్లలో చాలావరకు హైబ్రిడ్. చందా పద్ధతిలో వేయించుకుంటే ఓపెన్ యాక్సెస్ ఫీజు ఉండదు, అందరికీ ఉచితంగా అందాలంటే కట్టాలి. మీ సంస్థకి ఆ ప్రచురణకర్తతో ఒప్పందం ఉందేమో ముందు లైబ్రరీలో అడగండి. ఉంటే ఆ ఖర్చు మీ మీద పడకపోవచ్చు. గ్రాంట్ ఇచ్చినవాళ్లు ఓపెన్ యాక్సెస్ తప్పనిసరి అంటే, ఒప్పందం లేకపోతే, బైల్‌స్టైన్ జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీని జాబితాలో పైన పెట్టండి. 2005లో మొదలైన ఈ జర్నల్ ఖర్చంతా బైల్‌స్టైన్ ఇన్‌స్టిట్యూట్ భరిస్తుంది. రాసేవారూ కట్టక్కర్లేదు, చదివేవారూ కట్టక్కర్లేదు.

పేరు వినగానే పాత జర్నల్‌లా అనిపించి, రెండు రోజుల్లో అంగీకరిస్తామని మెయిల్ పంపే వాటికి దూరంగా ఉండండి. ఇండెక్స్‌లో ఉందా లేదా అన్నది మెయిల్‌లోని మాట నమ్మకుండా మీరే డేటాబేస్‌లో వెతికి చూసుకోవాలి. పోయినేడు ఉందన్నా చాలదు. 2023లో ఒక్కసారిగా 50కి పైగా జర్నళ్లు వెబ్ ఆఫ్ సైన్స్ అనే సైటేషన్ డేటాబేస్ నుంచి పోయాయి.

నిర్ణయం తీసుకునేటప్పుడు

పీహెచ్‌డీ గడువు దగ్గర పడిన విద్యార్థి ఉంటే అందరికంటే ముందు ఆ సంగతి చూడాలి. ఆర్గానిక్ లెటర్స్‌లో ఒక అవకాశం తీసుకుని, అక్కడ వద్దంటే ఇంకోచోట మళ్లీ మొదటి నుంచి రివ్యూకి వెళ్లే సమయం ఆ విద్యార్థికి లేదు. పని ఎక్కడ సరిగ్గా ఇముడుతుందో అక్కడికే నేరుగా పంపండి. ఈ పని ముందు చేసింది మీరేనని నమోదు కావాలంటే 2017 నుంచి నడుస్తున్న కెమ్‌ఆర్‌ఖైవ్‌లో ప్రిప్రింట్, అంటే రివ్యూ కాని పేపర్ ప్రతి పెట్టవచ్చు. ఎంచుకున్న జర్నల్ దానికి ఒప్పుకుంటుందో లేదో ముందుగా చూసుకోండి.

సెలెక్షన్ కమిటీలు అంకెలే చూస్తాయి కదా అని అడుగుతారు. చాలాచోట్ల చూస్తారు, నిజమే. కానీ 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న డోరా ప్రకటన, మనిషి పనిని జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో కొలవవద్దని స్పష్టంగా చెప్పింది. ఎన్నో సంస్థలు దాని మీద సంతకం చేశాయి. మీ దరఖాస్తులో జర్నల్ అంకె బదులు ఆ పేపర్‌ని ఎవరు ఎలా వాడుకున్నారో రెండు వాక్యాల్లో రాయండి. ఎక్స్‌పెరిమెంటల్ భాగాల్లో వచ్చిన సైటేషన్లు అప్పుడు అక్కరకొస్తాయి. అంకె అడిగే ఫారం ఉంటే అంకె కూడా ఇవ్వండి, దాచాల్సిన పని లేదు.

తిరస్కరణ వచ్చి, అదే ప్రచురణకర్త ఇంకో జర్నల్‌కి బదిలీ చేస్తామంటే వెంటనే సరేననకండి. రివ్యూలు కూడా వెంట వెళ్తాయా, ఆ కొత్త జర్నల్‌లో ఫీజు తప్పనిసరా అన్న రెండూ తెలుసుకోండి. ఆర్గానిక్ లెటర్స్ నుంచి జేఓసీకి వెళ్తుంటే పేపర్‌ని అలాగే పంపవద్దు. ప్రయోగ వివరాల్ని ప్రధాన వ్యాసంలోకి తెచ్చి, పని చేయని సబ్‌స్ట్రేట్‌లని కూడా పట్టికలో చేర్చి, రివ్యూయర్ అడిగిన కంట్రోల్ ప్రయోగం చేసి, ఆ తర్వాత పంపండి.